పాముకు పాలు పోసిన పుస్తకాలు

“పాముకు పాలు పోసి పెంచినట్టు” అన్నది మనకు తిట్టు. పెంచినవాడి తెలివితక్కువతనం మీద, పెరిగినదాని విశ్వాసం లేనితనం మీద ఒకే దెబ్బకు ఇచ్చేసే తీర్పు. నిజానికి పాము పాలు తాగే జీవి కాదు. దాహంతో చచ్చే స్థితిలో ఉంటే ఏది పోసినా మింగుతుంది గానీ ఆ పాలు దానికి అరగవు. ఇక విశ్వాసం, ద్రోహం అనేవి దాని ఖాతాలో లేనే లేవు. ఆ సామెతలో నిజం ఒక్కటే, పాలు పోసే మనుషులు. నాగుల పంచమికి పుట్ట దగ్గర చెంబెడు పోసి ఇంటికొచ్చేవాళ్ల సంగతి వేరు. లేస్తే పాము, పడుకుంటే పాము, ఇంట్లో మనుషుల కన్నా ముందు పాము అన్నట్టు బతికినవాళ్లు కొందరున్నారు. వాళ్లు రాసినవీ వాళ్ల మీద రాసినవీ కొన్ని పుస్తకాలు ఈమధ్య వరసగా చదివాను. ఆ పిచ్చి ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడికి తీసుకుపోతుంది, పోయినచోట పక్కవాళ్లకు ఏమన్నా మిగులుతుందా అన్నవి ఈ వ్యాసంలో నా ప్రశ్నలు.

ఈ చదువుకు సాహిత్యం మీది ఇష్టం ఒక్కటే కారణం కాదు. మాది పాలమూరు. అచ్చంపేట దాటితే నల్లమల, ఇటు తిరిగితే నల్లగొండ వైపు దేవరకొండ గుట్టలు. పత్తి చేను, పల్లి చేను, గట్ల మీద తాటిచెట్లు. రాళ్ల కుప్పలో చిన్న పింజర, వరికోతల్లో రక్తపింజర, గడ్డివాము కింద నాగుంబాము, మట్టింటి గోడ సందులో కట్లపాము. రాత్రి కరెంటు ఇచ్చిన కాలంలో బోరు మోటరు వెయ్యడానికి చీకట్లో చేలోకి పోయి కాటు తిన్న మనిషి లేని ఊరు మా వైపు తక్కువ. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. సగటున ఏడాదికి 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల వరసలో తెలంగాణను కలుపుకున్న పాత ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందుకని, పామును ప్రేమించిన మనిషి కథ చదువుతుంటే ముచ్చటతో పాటు ఈ లెక్క కూడా నా పక్కనే కూర్చుంటుంది.

* * *

ముందు ఆ పిచ్చి తీరు చూద్దాం. కుక్కను పెంచితే కుక్క జవాబు చెబుతుంది. తోక ఊపుతుంది, అలుగుతుంది, గుమ్మం దగ్గర ఎదురు చూస్తుంది. పాము, తాబేలు, బల్లి జాతి జీవులు అట్లా కాదు. గుర్తుపడితే గిడితే తిండి పెట్టే చేతిని గుర్తుపడతాయి, అంతే. జవాబు రాని ఆ ఖాళీని పెంచేవాడు వేరే వాటితో నింపుకోవాలి. ఎన్ని ఉన్నాయన్న లెక్కతో, ఎవరి దగ్గరా లేని రకంతో, వాటి గురించి తనకు తప్ప ఎవరికీ తెలియదన్న గర్వంతో నింపుకుంటాడు.

పైగా ఈ జీవులు పెద్దగా అడగవు. ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి తిండి ఖర్చు చెయ్యవు గనక ఆఫ్రికా బాల్ పైథాన్‌కు వారానికో రెండు వారాలకో ఒక ఎలుక చాలు. డబ్బా, కింద కాస్త వేడి, గిన్నెడు నీళ్లు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పది కుక్కలు కుదరవు గానీ గోడ పొడుగునా అరల్లో యాభై పాములు కుదురుతాయి. ఒకదానికొకటి జతకట్టించి కొత్త రంగులు, కొత్త చారలు పుట్టించి, ఒక్కో రంగుకో పేరూ ధరా పెట్టే వ్యాపారం పడమటి దేశాల్లో పెద్దదే. అక్కడికి వచ్చేసరికి పాము పోస్టేజి స్టాంపు లాంటిది అయిపోతుంది. ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన గడ్డకట్టిన ఎలుకలు చేరాక ఇంట్లోవాళ్లకు విషయం అర్థమవుతుంది. అప్పటికే ఆలస్యం.

ఇంట్లోవాళ్ల వైపు నుంచి ఈ సంగతిని అందరికన్నా హాయిగా చెప్పిన పుస్తకం జెరాల్డ్ డరెల్ ‘మై ఫ్యామిలీ అండ్ అదర్ ఏనిమల్స్’ (1956). గ్రీసు దేశపు కోర్ఫూ దీవిలో పిల్లవాడిగా గడిపిన రోజుల కథ. అఖిలీజ్ అనే తాబేలు, జెరోనిమో అనే బల్లి, ఎండకు సొమ్మసిల్లాయని స్నానాల తొట్టిలో వేసిన నీటిపాములు, అగ్గిపెట్టెలో దాచిన తేలు. ఆ తొట్టి దగ్గరికి అన్న వెళ్లడం, ఆ అగ్గిపెట్టెను భోజనాల బల్ల దగ్గర ఇంకో అన్న తెరవడం, తర్వాత ఇల్లంతా కేకలు. నవ్వు ఆగదు. నవ్వి పక్కన పెట్టాక ఒకటి తోచింది. ఈ పుస్తకంలో పిచ్చి తియ్యగా ఉండటానికి కారణం దాని ఖర్చు భరించే తల్లి ఒకావిడ ఉండటం. ఆవిడ ఓపికే ఆ పుస్తకానికి నేల. జంతువులకు వీరుల పేర్లు పెట్టి, మనుషుల గుణాలు తొడిగి డరెల్ చేసిన పని రచనగా గొప్పదే. అయితే అఖిలీజ్ బావిలో పడి చచ్చిపోయినప్పుడు మనం ఏడ్చేది తాబేలు కోసమా, ఆ పేరు కోసమా అన్నది చెప్పడం కష్టం.

ఖర్చు భరించే తల్లి లేనప్పుడు, ఖర్చును ఆ జీవే భరించాల్సి వచ్చినప్పుడు ఏమవుతుందో బ్రయన్ క్రిస్టీ ‘ది లిజర్డ్ కింగ్’ (2008) చెబుతుంది. ఫ్లోరిడాలో సరీసృపాలను టోకున అమ్మే ఒక పెద్ద వ్యాపారి, అతని వెంటపడిన ప్రభుత్వ అధికారి, వాళ్లిద్దరి మధ్య ఏళ్ల తరబడి నడిచిన వేట. డిటెక్టివు నవల వేగంతో పరుగెడుతుంది. ఆ వేగమే దాని లోపం కూడా. పెట్టెల్లో, సంచుల్లో దేశాలు దాటే ప్రాణులు పేజీలు తిరిగేకొద్దీ సరుకుగా మారిపోతాయి, చదివేవాడి కళ్లలో కూడా. ఎన్ని వచ్చాయి, ఎంతకు పోయాయి అన్నదే మిగులుతుంది.

ఇది మనకు దూరపు కథ కాదు. అనంతపురం, చిత్తూరు మెట్ట భూముల్లో తిరిగే నక్షత్ర తాబేలు ఇదే మోజుకు బలై సూట్‌కేసుల్లో ఆగ్నేయాసియా దేశాలకు పోతూ వచ్చింది. 2019లో అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలోకి దాన్ని ఎక్కించాల్సి వచ్చింది. మా చెలకల్లో దొరికే రెండు తలల పాముది ఇంకో రకం కర్మ. దానికి రెండు తలలు లేవు, తోక మొద్దుగా తలలాగా ఉంటుందంతే. విషం లేదు, మనిషిని చూసి బెదిరే జీవి. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, లక్షలకు అమ్ముడుపోతుందని ఎవరో పుట్టించిన మాటకు పాపం అది సంచుల్లో తిరుగుతుంటుంది. తీసుకుపోయేవాళ్లు తరచూ పోలీసులకు దొరుకుతుంటారు. పడమర దేశంలో రంగుకు ధర, మన దగ్గర లేని తలకు ధర.

* * *

మోజు అక్కడితో ఆగకుండా ఇంకో మెట్టెక్కిన మనిషిగా రోములస్ విటేకర్‌ను చెబుతారు. న్యూయార్కులో 1943లో పుట్టి, ఎనిమిదేళ్ల వయసులో తల్లితో బొంబాయి వచ్చాడు. మారుతండ్రి రామా చటోపాధ్యాయ. అంటే హైదరాబాదులో పుట్టి, తొలి లోక్‌సభకు విజయవాడ నుంచి గెలిచిన హరీంద్రనాథ్ చటోపాధ్యాయ ఇంటికి మనవడు వరస. కొడైకెనాల్ బడి హాస్టల్లో మంచం కింద కొండచిలువను దాచిన కుర్రవాడు. తర్వాత అమెరికా పోయి మయామీలో బిల్ హాస్ట్ దగ్గర పనికి కుదిరాడు. ఆ హాస్ట్ పాముల విషం తీసి అమ్మేవాడు, తన ఒంటికి తానే నాగుపాము విషం సూదులు వేసుకునేవాడు, నూట డెబ్బైకి పైగా కాట్లు తిని కూడా నూరేళ్లు బతికి 2011లో పోయాడు. గురువే అట్లాంటివాడు, శిష్యుడు ఎట్లా ఉంటాడు మరి!

జానకీ లెనిన్‌తో కలిసి విటేకర్ రాసిన ఆత్మకథ ‘స్నేక్స్, డ్రగ్స్ అండ్ రాక్ ఎన్ రోల్’ 2024లో వచ్చింది. తొలి ఏళ్ల కథ అని ఉపశీర్షికే చెబుతుంది. చదివించే గుణం పుష్కలంగా ఉంది. దాచుకోవడం లేదు, ఉపన్యాసం లేదు. అయితే సాహసం వెంట సాహసంగా సాగే ఈ కథనం అసలు సంగతిని ఇంకా తలుపు బయటే నిలబెట్టింది అనిపించింది. విటేకర్ జీవితంలో మనకు పనికొచ్చే మలుపు ఆ తర్వాతది. 1972లో మద్రాసు గిండీలో స్నేక్ పార్కు, 1976లో మొసళ్ల బ్యాంకు, 1978లో ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం.

ఆ సంఘం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, పాము తోళ్ల ఎగుమతి ఆగిపోయాక, తరతరాలుగా పాములు పట్టి బతికిన ఇరుళలకు బతుకుదెరువు పోయింది. వాళ్ల విద్యను తోలు నుంచి విషానికి మళ్లించారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటినీ లైసెన్సు మీద పట్టి, కుండల్లో కొన్ని వారాలు ఉంచి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు తీస్తారు. అట్లాంటి మందు చేసే కంపెనీల్లో ఒకటైన విన్స్ బయోప్రొడక్ట్స్ ఫ్యాక్టరీ మా పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లోనే ఉంది. షాద్‌నగర్ దారిన బస్సులో పోయేవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు?

కుండలో ఉంచడం కూడా పెంపకమే. కాకపోతే దానికి గడువుంది. ఫలానా రోజుకు వదిలేయాలన్న షరతుంది. ‘ఇది నాది’ అన్న మాట అందులో లేదు. మంచం కింద కొండచిలువకూ ఈ కుండకూ మధ్య ఉన్న తేడాయే విటేకర్ జీవితం. రెండో సంపుటం వస్తే ఆ తేడా ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఇరుళలలో వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. విటేకర్‌కు 2018లోనే వచ్చింది. పట్టడం ఎవరికి తెలుసో వాళ్ల పేరు పైకి రావడానికి ఇంకో అయిదేళ్లు పట్టిందన్నమాట.

జానకీ లెనిన్ విడిగా రాసిన ‘మై హస్బెండ్ అండ్ అదర్ ఏనిమల్స్’ (2012) నాకు ఇంకా దగ్గరగా అనిపించింది. డరెల్ పుస్తకం పేరు మీద చమత్కారంగా కట్టిన పేరు. పిచ్చి ఉన్న మనిషి పక్కన పిచ్చి లేని మనిషి బతకడం, బతుకుతూ తనకంటూ ఒక చూపు సంపాదించుకోవడం ఇందులో ఉంది. పాములవాడి గురించి మంచి వాక్యాలు పాములవాడు రాయడు, ఆయన ఇంట్లో ఉండే మనిషి రాస్తారు. ఈ వరసలో నాకు తేలిన సంగతుల్లో ఇదొకటి.

* * *

ఇంకో పుస్తకం జేమీ జేమ్స్ రాసిన ‘ది స్నేక్ చార్మర్’ (2008). కాలిఫోర్నియా సైన్సు అకాడమీలో పనిచేసిన జో స్లోవిన్‌స్కీ కథ. చిన్నప్పటి నుంచి పాములే లోకం. బర్మా కచిన్ కొండల్లో పరిశోధనకు పోయి, 2001 సెప్టెంబరు 11 పొద్దున, విషం లేని పోలిక పాము అనుకున్న సంచిలో చెయ్యి పెట్టాడు. లోపల ఉన్నది కట్లపాము జాతి పిల్ల. ఆ విషం నొప్పి పెట్టదు, వాయదు. నరాలను ఒక్కొక్కటిగా ఆపుతుంది. రెప్పలు వాలతాయి, మాట పోతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. తోటివాళ్లు ఒక రోజుకు పైగా వంతులవారీగా నోటితో ఊపిరి ఊదారు. వాన, కొండలు, దూరం. సాయం అందలేదు. మర్నాడు చనిపోయాడు, ముప్పై ఎనిమిదేళ్లకు.

జేమ్స్ ఈ చావును జ్ఞానాన్వేషణకు చెల్లించిన మూల్యంగా చూపాలనుకున్నాడు. పుస్తకం ఉపశీర్షికలోనే ఆ మొగ్గు ఉంది. నాకు ఆ మాట ఒప్పుదల కాలేదు. ఆయన రాసిన సంఘటనలే ఎదురు సాక్ష్యం చెబుతాయి. అది జ్ఞానానికి చెల్లించిన మూల్యం కాదు, తొందరకు చెల్లించింది. ఎన్ని వేలసార్లు పట్టాడో ఆ లెక్కే అతని చేతికి ధైర్యమిచ్చింది. చివరి రోజు వర్ణన మాత్రం మరిచిపోలేనిది. అది చదువుతుంటే నాకు బర్మా కనిపించలేదు. వానాకాలం రాత్రి నేల మీద చాప వేసుకు పడుకున్న మా ఊరి మనిషి కనిపించాడు. కట్లపాము కాటు ఆయనకూ నొప్పి తెలియదు. తెల్లారి కడుపునొప్పి అంటాడు, రెప్పలు ఎత్తలేకపోతాడు, మాట ముద్దవుతుంది. పరుగు తీస్తే ఆస్పత్రిలో ఊపిరి యంత్రం ఉంటుందా లేదా అన్నదే ఆయన బతుకు. స్లోవిన్‌స్కీకి పుస్తకం దక్కింది. మా మనిషికి అదీ దక్కదు.

ఆ కట్లపాము జాతికి శాస్త్రం పెట్టిన పేరు బుంగారస్. ఫ్రెంచివాడు దోదాన్ 1803లో పెట్టాడు. గ్రీకూ లాటినూ కాదు, అది మన ‘బంగారు’. బంగారు పాము. బర్మా అడవిలో అమెరికా పండితుణ్ణి చంపిన పాము పేరులో తెలుగు మాట ఉంది. ఆ మాట అక్కడికి పోయిన దారి వెతికితే ఒక పాత పుస్తకం దగ్గర తేలతాం. ఈ వరసలో అన్నిటికన్నా పాతదీ, నా లెక్కన అన్నిటికన్నా పెద్దదీ అదే.

* * *

పాట్రిక్ రస్సెల్ ఎడింబరోలో పుట్టిన వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ఏళ్ల తరబడి ప్లేగు చూసినవాడు. ఈస్టిండియా కంపెనీలో అధికారి అయిన తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చేసరికి యాభై దాటాయి. 1785లో కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. రిటైరయ్యే వయసులో మనిషికి పాముల పిచ్చి పట్టింది. ఊళ్లవాళ్లు తెచ్చి ఇచ్చిన ప్రతి పామునూ కొలిచాడు, పొలుసులు లెక్కపెట్టాడు, రంగుల బొమ్మలు గీయించాడు. కోళ్లనూ కుక్కలనూ కరిపించి ఎన్ని నిమిషాలకు ఏమైందో రాసుకున్నాడు. ఇవాళ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజుల్లో పేరుమోసిన తంజావూరు మాత్రను కూడా అట్లాగే పరీక్షించి, పనిచెయ్యదని తేల్చాడు. 1796లో లండన్‌లో కోరమాండల్ తీరపు పాముల గురించి పెద్ద సైజు పుస్తకం వచ్చింది. రెండో సంపుటం భాగాలు భాగాలుగా 1801 నుంచి 1809 దాకా. ఈ లోపల 1805లోనే ఆయన పోయాడు.

అందులో పాముల పేర్లు తెలుగు పేర్లు. ఇంగ్లీషు చెవికి వినిపించినట్టు రాసినవి గనక నోటితో పలికి చూసుకోవాలి. పలికితే ఒక్కొక్కటే లేచి వస్తుంది. జెర్రిపోతు. పసిరిక పాము. పెద్దపొడ, అంటే కొండచిలువ. బంగారు పాము. కాటుక రేకుల పొడ. ఈ చివరిదాని మీద మనసు పడిపోయింది. ఒంటి మీద గుండ్రటి మచ్చలు, చుట్టూ కాటుక దిద్దినట్టు నల్ల అంచు. మనం రక్తపింజర అంటాం, లోకం రస్సెల్స్ వైపర్ అంటుంది. ఆయన పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1797లో, ఆయన పేరు దానికి పెట్టేశారు. కాటుక రేకుల పొడ అని మొదట అన్నదెవరో, విశాఖ చుట్టుపక్కల ఏ రైతో ఏ పాములవాడో, ఆ మనిషి పేరు పుస్తకంలో లేదు. మన ఊరి కట్లపాము శాస్త్రీయ వర్ణనకు ఆధారం కూడా రస్సెల్ వేయించిన బొమ్మే. విశాఖపట్నంలో దొరికిన పామే దానికి మూలం.

ఈ పుస్తకంలో ‘నేను’ దాదాపు లేదు. సాహసం లేదు, చమత్కారం లేదు, వీరుల పేర్లు లేవు. పొలుసుల లెక్కలు, నిమిషాల లెక్కలు. సాహిత్యంగా చదవబోతే బండరాయి. అయినా డరెల్ నవ్వు, క్రిస్టీ వేగం, విటేకర్ హుషారు అన్నీ దాటి ఇదే నాతో మిగిలింది. కారణం ఆ పిచ్చికున్న ప్రశ్న. విషమున్న పామును లేనిదాని నుంచి మామూలు మనిషి పైచూపుకే ఎట్లా వేరుచెయ్యాలి? దాని కోసం వెతికాడు. అన్ని పాములకూ సరిపోయే ఒక్క గుర్తు దొరకదు, ఇప్పటికీ లేదు. దొరకనందువల్లే ఒక్కొక్కదాన్నీ విడిగా చూడాల్సి వచ్చింది, ఒక్కొక్కదాని పేరూ విడిగా రాయాల్సి వచ్చింది. పిచ్చి పక్కవాడికి పనికొచ్చేది ఇట్లా మారినప్పుడే. ఉంచుకోవాలన్న కోరిక పోయి గుర్తుపట్టాలన్న కోరిక వచ్చినప్పుడు.

దాంతో పాటే ఆ పుస్తకం చేసిన అన్యాయం కూడా చెప్పాలి. అదే రోజుల్లో సామర్లకోటలో కూచుని రాక్స్‌బర్గ్ మొక్కలకు చేసిన పని ఇట్లాంటిదే. తెలుగు పేర్లు తీసుకున్నారు, పేర్లు చెప్పినవాళ్లను వదిలేశారు. ఆ పేర్లలో ఉన్న చూపు మనది. పొడ అన్నా, రేకులు అన్నా, కాటుక అన్నా, దగ్గరగా, భయం దాటి, చాలాసార్లు చూసినవాళ్లు మాత్రమే పెట్టగల పేర్లు అవి.

* * *

మరి మన సాహిత్యంలో ఆ చూపు ఏమైంది? పగబట్టే పాము ఉంది, వరమిచ్చే పాము ఉంది, పడగ నీడ ఉంది, వెయ్యి పడగలున్నాయి. సినిమాకైతే పాము ఆడదై పాట పాడుతుంది. పాము పామై, ఫలానా పామై కనిపించే చోటు మాత్రం అరుదు. నాకు దొరికిన గొప్ప చోటు మొదట్లోనే ఉంది, నన్నయ ఆదిపర్వంలో. ప్రమద్వరను పాము కరిచింది. రురుడు తన ఆయుష్షులో సగమిచ్చి ఆమెను బతికించుకున్నాడు. ఆ కోపంతో కనిపించిన పామునల్లా కర్రతో కొట్టి చంపుతూ తిరిగాడు. ఒకరోజు డుండుభం మీద కర్ర ఎత్తాడు. డుండుభమంటే విషం లేని నీటిపాము. అది నోరు తెరిచి అడిగింది, మాకూ వాటికీ పోలిక ఆకారంలోనే గదా, మమ్మల్నెందుకు చంపుతావని. రస్సెల్ ప్రశ్నకు అది ఏడెనిమిది వందల ఏళ్ల ముందటి రూపం.

ఆ డుండుభం వెనక కథ ఇంకా బాగుంటుంది. అది ముందు సహస్రపాదుడనే ముని. అగ్నిహోత్రం దగ్గర ఉన్న స్నేహితుడు ఖగముడి మీదికి వేళాకోళానికి గడ్డితో చేసిన పామును విసిరాడు. ఆయన భయపడి శపించాడు, నీ గడ్డిపాములాగే విషం లేని పామువై పడి ఉండమని. పామును ఆటవస్తువు చేసినవాడు పాము అయ్యాడు. దాన్ని శత్రువు చేసుకున్నవాడికి బుద్ధి వచ్చింది. పామును ఆటకు వాడుకునేవాడి కథా, పగతో చంపేవాడి కథా ఒకే చోట కట్టిన ఈ ఉపాఖ్యానాన్ని మన విమర్శ ఎందుకో సర్పయాగానికి ముందుమాటగా దాటేస్తూ వచ్చింది. ఎవరు ఆటగా తీసుకుంటున్నారు, ఎవరు చంపుతున్నారు, ఎవరు చూస్తున్నారు అని అడిగే పద్ధతి అందులో ఉంది.

ఇప్పుడు మా వైపు ముగ్గురూ ఉన్నారు. హైదరాబాదులో అద్దె ఫ్లాట్లలో ఇగ్వానా, బాల్ పైథాన్ పెంచే కుర్రాళ్లలో మా జిల్లాల పిల్లలూ ఉన్నారు. చట్టం సంగతి వాళ్లు తెలుసుకోవాలి. మన అడవి పామును, ఉడుమును, నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరం. బయటి దేశాల రకాలు ఉన్నవాళ్లు ముందుకొచ్చి చెప్పమని 2020లో కేంద్రం అవకాశమిచ్చింది. 2022 సవరణతో అంతర్జాతీయ జాబితాల్లో ఉన్నవాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. రెండో రకం, పాము కనిపించగానే కర్ర వెతికేవాళ్లు. జెర్రిపోతైనా సరే, నీరుకట్టెవైనా సరే. మూడో రకం కొత్తగా పుట్టినవాళ్లు, పాములు పట్టి వదిలిపెట్టేవాళ్లు. తొంభైల నుంచి హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఆ పనిని పద్ధతిగా, కొక్కెం కర్రతో, సంచితో, అటవీ శాఖకు చెప్పి చేస్తూ వచ్చింది. వాళ్లను చూసి ఊళ్లలోనూ పిల్లలు తయారయ్యారు. కొందరు నిజంగా మేలు చేస్తున్నారు. ఇంకొందరు పట్టిన నాగుంబామును వదిలే ముందు పడగ దగ్గర మొహం పెట్టి ఫోనుకు చూపిస్తున్నారు. అది సహస్రపాదుడి గడ్డిపాము. కాకపోతే ఇందులో విషముంది.

ఆ పిల్లల్ని తిట్టి లాభం లేదు. వాళ్లకు మనం ఇచ్చిన పుస్తకమేది? రాత్రిపూట మా ఇళ్లలో పాము అనే మాటే అనరు. ‘పురుగు’ అంటారు. కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. భయంలోంచి పుట్టిన మర్యాద అది, నాకు ఇష్టమే. కాని ఏ పురుగని అడిగితే చెప్పగలిగిన పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. తాళ్లెక్కేవాళ్లు, గొర్లకాడి వాళ్లు, నల్లమల పెంటల్లోని చెంచులు, ఒక పామును మూడు పేర్లతో, మూడు వయసుల్లో వేరుచేసి చెప్పగలిగినవాళ్లు. కరిచిన పామును ఆస్పత్రికి పట్టుకుపోనక్కర్లేదు. మన దగ్గర దొరికే విరుగుడు ఆ నాలుగు విషాలకూ కలిపి చేసిందే, పోవాల్సింది తొందరగా. పేరు తెలియాల్సింది అంతకుముందు. ఏ పాము ఎక్కడ, ఏ వేళ, ఏ కాలంలో ఉంటుందో తెలిస్తే చెయ్యి పెట్టే చోట చెయ్యి పెట్టకుండా ఉంటాం. కట్లపాము సంగతి తెలిసిన ఇంట్లో పిల్లల్ని కింద పడుకోబెట్టరు, దోమతెర పరుపు కిందికి దోపుతారు.

రస్సెల్‌కు రెండు వందల ముప్పై ఏళ్ల తర్వాత తెలుగులో రావాల్సిన పుస్తకం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. పాలమూరు, నల్లగొండ మెట్ట పాముల పుస్తకం. పెంచినవాడి వీరగాథ కాదు, పట్టినవాడి ఫోటోలు కాదు. ఒక్కో పాము, దాని బొమ్మ, దాని పేర్లు, తిరిగే వేళ, దాగే చోటు. ప్రతి పేరు కింద ఆ పేరు చెప్పిన మనిషి పేరు, ఊరు పేరు, ఆ మనిషి ఒప్పుకుంటే. ఈ పిచ్చి పట్టిన పిల్లలు మా జిల్లాల్లో చాలామందే ఉన్నారు. ఆ పని మొదలుపెట్టాల్సింది వాళ్లే.